దెయ్యం రాకముందు

ఈమధ్య దెయ్యం సినిమా చూసి బయటికొస్తే గుండె మామూలుగానే ఉంటోంది, చెవులు మాత్రం హోరెత్తుతున్నాయి. తలుపు తెరుచుకుంటే ఢాం. అద్దంలో మొహం కనిపిస్తే ఢాం. పిల్లి దూకినా, పనిమనిషి వెనకనుంచి పిలిచినా అదే ఢాం. పక్కసీట్లో పాప ఉలిక్కిపడుతుంది, మరుక్షణం పాప్‌కార్న్ డబ్బాలో చెయ్యి పెడుతుంది. ఆ పాపకి భయం వేయలేదు. నిద్రపోతున్నవాడి తలాపున పళ్లెం జారవిడిచినా ఇలాగే ఉలిక్కిపడతాడు, దానికి దర్శకుడెందుకు?

బోరబండలో ఉండేవాళ్లకి ఈ విషయంలో కోపం కాస్త ఎక్కువే రావాలి. మా సందుల్లోంచే లైట్‌మన్‌లు, జూనియర్ ఆర్టిస్టులు, ప్రొడక్షన్ బాయ్‌లు చీకటితో లేచి కృష్ణానగర్ వైపు, ఫిల్మ్‌నగర్ వైపు పోతారు. నైట్ షూటింగ్ అయితే వర్షం సెట్టింగులో, పొగలో తెల్లవార్లూ నిలబడి, పాడుబడ్డ బంగళాకి ఎక్కడ వెలుగు పడాలో, ఎక్కడ పడకూడదో చూసి వస్తారు. అంతమంది నిద్రమాని పుట్టించిన చీకటిని ఏసీ మిక్సింగ్ గదిలో ఒక్క మోతతో పాడుచేస్తున్నారు. నాకు బాధ అక్కడ.

1992లో రామ్ గోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ గుర్తుందా? ఒక మామూలు కుటుంబం కొత్త ఇంట్లోకి వస్తుంది. ఇంట్లో పిల్లాడి పిల్లికూన కారు కింద పడి చచ్చిపోతే పెరట్లో పాతిపెడతారు. తర్వాత ఆ పిల్లికూన మళ్లీ ఇంట్లో తిరుగుతూ కనిపిస్తుంది. కోరల్లేవు, కళ్లలో మంటల్లేవు. పాలు తాగే చిన్న పిల్లికూన, అంతే. అయినా అది నడిచి వస్తుంటే కాళ్లు సీటు పైకి ముడుచుకోవాలనిపించింది. చచ్చిందని తెలుసు కాబట్టి. దెయ్యం వేషం ఎంత భయంకరంగా ఉందన్న దానితో పని లేదు, ప్రేక్షకుడికి ముందే ఏం చెప్పి ఉంచారన్నదే లెక్క. ఆ సినిమాలో రేవతి మొహం చాలా పని చేసింది, మణిశర్మ నేపథ్య సంగీతం మిగతాది చేసింది. ఆయన వాయించిన చోట్లకన్నా ఆగిన చోట్లే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

హిచ్‌కాక్ 1963లో ‘ది బర్డ్స్’ తీసినప్పుడు మామూలు నేపథ్య సంగీతమే వద్దనుకున్నాడు. పక్షుల చప్పుళ్లు తప్ప సినిమాలో మరో నేపథ్య సంగీతం లేదు. బడి బయట బెంచీ మీద నాయిక కూర్చుని ఉంటుంది. లోపల పిల్లలు పాట పాడుతుంటారు. ఆమె వెనక ఇనుప కమ్మీల మీద ఒక కాకి వాలుతుంది. కాసేపటికి ఇంకొకటి. మనం చూస్తున్నాం, ఆమె చూడటం లేదు. పాట అలా సాగుతూనే ఉంటుంది. ఆ పాట ఎప్పుడు ఆగుతుందా అన్న ఒక్క ఆలోచనే ఊపిరి బిగపట్టిస్తుంది.

మనకీ ఆ విద్య తెలియనిదేం కాదు. వంశీ ‘అన్వేషణ’ (1985) దెయ్యం కథ కాదు కానీ, ఆ అడవిలో పడ్డ భయం చాలా దెయ్యాల సినిమాల్లో లేదు. భానుప్రియ పక్షుల కూతల మీద పరిశోధనకని అడవికొస్తుంది. కథానాయిక పనే వినడం! దాంతో మనమూ చెవులు రిక్కించుకుని కూర్చుంటాం. ఆకు గలగలలాడినా అది పులా, మనిషా అని అనుమానం. ఇళయరాజాకి అడవిని అడవిలా ఎక్కడ వదిలేయాలో తెలుసు.

ఆ రోజుల్లో ఎదురుచూపు మాకు బాగా అలవాటు. యండమూరి చేతబడి నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చేది. నాలుగిళ్లకి ఒక్క కాపీ. రాత్రి భోజనాలయ్యాక మా అక్క పైకి చదివేది, మేం గోడకి ఆనుకుని వినేవాళ్లం. అసలైన చోటికి రాగానే ‘సశేషం’. ఇక వారం రోజులూ ఆ పసిపిల్ల తులసికి ఏమవుతుందోనని బడిలోనూ అదే గొడవ. నాలుగు రోడ్ల కూడలిలో పసుపు కుంకుమలు పూసిన నిమ్మకాయ కనిపిస్తే పక్కసందులోంచి చుట్టూ తిరిగి పోయేవాళ్లం. కరెంటు పోతే కిరసనాయిలు దీపం దగ్గరికి జరిగి, “అక్కా, తలుపు గడియ పెట్టావా?” అని అడిగేవాళ్లం. పెట్టిందని తెలిసీ అడిగేవాళ్లం. అక్క లేచి వెళ్లి మళ్లీ చూసి వచ్చేది, తనకీ భయమే కాబట్టి. ఆ గుడ్డిదీపం వెలుగులో అక్క మొహం, పేజీ తిప్పే ముందు ఆగిన ఆ వేలు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తర్వాత యండమూరి చేతబడి కథ ఒకటి 1986లో ‘కాష్మోరా’గా తెరకెక్కింది. నా మటుకు అక్క గొంతు ముందు అది ఆనలేదు.

నా అసలు పగ మరొకటి. 2013లో ‘ప్రేమకథాచిత్రమ్’ ఆడింది, నవ్వించింది, మంచిదే. ఆ తర్వాత దెయ్యం పేరు చెప్పి వరసగా వచ్చిన కామెడీలే నాకు కంటగింపు. అందరూ కేకలేస్తూ గదుల్లో పరిగెత్తడమే కథ. విఠలాచార్య ‘జగన్మోహిని’లో దెయ్యం కాళ్లు పొయ్యిలో పెట్టి వంట చేసినా ఆ జానపదానికి దాని లెక్క దానికుంది. ఇక్కడ నవ్వుకీ లెక్క లేదు, భయానికీ లేదు. దెయ్యాన్ని అలుసు చేస్తే మళ్లీ దాని మీద భయం తెప్పించడం చాలా కష్టం. దీనికితోడు హాళ్ల నిర్వాకం. ఒకచోట క్లైమాక్స్ నడుస్తుండగానే తలుపులు బార్లా తెరిచి మధ్యాహ్నపు ఎండని లోపలికి వదిలారు. చీకటి కోసమే కదా టికెట్ కొన్నది!

2022లో వచ్చిన ‘మసూద’ చూసి ప్రాణం లేచివచ్చింది. కోట లేదు, జమీందారు లేడు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు, పక్క ఫ్లాట్‌లో తల్లీ కూతుళ్లు, సాయం చేయాలని ఉన్నా వణికిపోయే కుర్రాడు. ఆ కుర్రాడిగా తిరువీర్ భయాన్ని దాచకుండా నటించాడు. వాడికి ధైర్యం లేదని తెలిశాక మనకి ఆసరా పోతుంది. పైగా కథ తీరిగ్గా మొదలవుతుంది. ఆ తీరికని కొందరు సాగదీత అన్నారు, నేను ఒప్పుకోను. ఆ మనుషులు మనవాళ్లు కాకముందే దెయ్యం వచ్చిపడితే ఎవరి కోసం భయపడాలి?

ఫిల్మ్‌నగర్‌లో ఈ రాత్రి కూడా ఏదో ఒక మిక్సింగ్ గదిలో దెయ్యం సినిమాకి మోతలు కలుపుతుండొచ్చు. అక్కడ కూర్చున్నవాళ్లకి నా మనవి ఒక్కటే. తలుపు తెరుచుకునే షాట్ దగ్గర సంగీతం మొత్తం తీసేసి, ఆ కిర్రుమనే చప్పుడు ఒక్కటే ఉంచి చూడండి. భయం వేయకపోతే షాట్ మళ్లీ తీయించండి. మోత మాత్రం కలపకండి.