ఆడచేప కావలెను!

పిల్లలూ! భూపటం తీసి ముందు పెట్టుకోండి. ఆఫ్రికా ఖండానికి తూర్పున, హిందూ మహాసముద్రంలో ఒక పెద్ద దీవి కనిపిస్తుంది. అదే మడగాస్కర్. దానికీ ఆఫ్రికాకూ మధ్య సుమారు 400 కిలోమీటర్ల సముద్రం ఉన్నది. దాదాపు 9 కోట్ల సంవత్సరాల క్రితం ఈ దీవి మన దేశంతో కలిసి ఉండేదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు.

ఈ దీవిలో మనకు తెలిసిన వస్తువులు కొన్ని కనిపిస్తాయి. అక్కడి పశువులకు మూపురాలున్నాయి. మళ్లలో జనం నడుము వంచి నాట్లు వేస్తారు. వాళ్లకు ముఖ్యమైన ఆహారం అన్నమే. వాళ్ల భాషలో బియ్యాన్ని ఏమంటారో తెలుసా? "వరి" అంటారు! మన మాటలాగే ఉన్నది కదూ?

ఈ దీవి ఉత్తర భాగంలో మంగరహర అనే ఏరు ఉన్నది. అందులో ఒక చేప ఉండేది. ఒళ్లు బూడిద రంగు, రెక్కల అంచుల్లో కాస్త నారింజ ఛాయ. చూడటానికి అంతే! కాని అది ప్రపంచంలో మరెక్కడా లేదు. 2006లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టి వర్ణించారు. అది సిక్లిడ్ అనే జాతికి చెందినది. మలయాళీలు ప్రీతిగా తినే కరిమీను ఈ జాతిదే. అది మన పులికాట్ సరస్సులో కూడా ఉన్నది.

అక్కడి రైతులు పొలాలకు నీరు మళ్లించుకున్నారు. ఆనకట్టలు లేచాయి. ఏరు ఎండిపోయింది. అన్నం పండించుకునేవాణ్ణి తప్పు పట్టగలమా? కాని నీరు లేనిదే చేప ఎట్లా బతుకుతుంది?

2013 నాటికి మనుషుల లెక్కకు మిగిలినవి మూడే చేపలు. లండన్ జంతు ప్రదర్శనశాలలో రెండు, బెర్లిన్‌లో ఒకటి. మూడూ మగవే! బెర్లిన్‌లో అంతకుముందు ఒక ఆడచేప ఉండేది. దానిని మగచేపే చంపివేసింది. సిక్లిడ్ చేపలు తమ చోటు కోసం గట్టిగా పోట్లాడతాయి. ఏటిలోనైతే ఓడిన చేప పారిపోతుంది. అద్దాల తొట్టిలో ఎక్కడికి పోతుంది? అందుకే మీ ఇంట్లో సిక్లిడ్లను పెంచదలిస్తే పెద్ద తొట్టి అమర్చండి. అడుగున రాళ్లు, ఓటికుండ పెంకులు పెట్టి, దాక్కునే చోట్లు కల్పించండి.

ఆ సంవత్సరం మే నెలలో లండన్ వారు లోకానికంతా ఒక విన్నపం చేశారు. "ఈ జాతి ఆడచేప మీ వద్ద ఉన్నదా?" అని ఇళ్లలో చేపలు పెంచేవారిని కూడా అడిగారు. చిత్రంగా లేదూ? కాని ఆలోచించండి. ఏటిలో లేని చేప ఎవరి ఇంటి తొట్టిలోనైనా బతికి ఉండవచ్చు కదా!

ఆ విన్నపం విని మడగాస్కర్ నుంచి ఒక వ్యాపారి కబురు పంపాడు. శాస్త్రజ్ఞులు బయలుదేరి వెళ్లారు. ఒకప్పుడు ఆ చేపలు ఉండిన చోట్ల వలలు వేస్తే ఖాళీగా వచ్చాయి. చివరకు, ఎండిన మంగరహరతో సంబంధం తెగిపోయిన ఒక చిన్న పాయలో, గ్రామస్థుల సాయంతో వలలు అడ్డంకట్టి వెదికారు. దొరికాయి! 18 చేపలను జాగ్రత్తగా పట్టి, పెంపక కేంద్రానికి చేర్చారు. నీరు మళ్లించుకున్న సీమలోని పల్లె ప్రజలే చేపను కాపాడటానికి చేయి కలిపారు, చూశారా?

తొట్టిలో చేపలను పెంచేవారు మరొక మాట గుర్తుంచుకోవాలి. పెంచలేక విసిగినా సరే, వాటిని ఊరి చెరువులోనో కాలువలోనో విడిచిపెట్టకండి. తిలాపియా మీరు ఎరిగినదే. అదీ సిక్లిడ్ జాతిదే. ఆఫ్రికాకు చెందిన ఈ చేపను 1952లో మన దేశానికి తెచ్చారు. తొందరగా పెరిగి, గుడ్లు పెట్టి, ఎన్నో చెరువుల్లో మన చేపల తిండికీ చోటుకూ పోటీ వచ్చింది. మడగాస్కర్‌లోనూ అది ఇట్లాగే వ్యాపించింది. మీకు అక్కరలేని చేపను పెంచేవారెవరికైనా ఇవ్వండి, లేదా కొన్న అంగడిలోనే తిరిగి అప్పగించండి.

ఈ ఆదివారం మీ నాన్నగారితోనో తాతగారితోనో కలిసి ఊరి చెరువుగట్టుకు వెళ్లండి. వలలు వేసేవారిని అడిగి, అక్కడ ఏయే చేపలు ఉన్నాయో, వెనుకటి రోజుల్లో ఏవి ఉండేవో ఒక కాగితం మీద రాసుకోండి. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి.