మా షెడ్డు తలుపు

విద్యార్థులారా! పాఠశాలలో మనము చదువు ప్రకృతిశాస్త్రము పరీక్షాగారమునందలి గాజుబుడ్లలోనే యున్నదని చాలమంది తలంతురు. నిజమునకు మన యింటిలో చెడిపోయిన వస్తువు కంటె మంచి పరీక్షాగారము లేదు. చక్కగా నడచు వస్తువు తన రహస్యమును చెప్పదు, చెడినదే చెప్పును. ఈ సంవత్సరము వేసవి సెలవులలో మా షెడ్డు తలుపు నాకట్టి పాఠమును చెప్పినది గాన దానిని మీతో పంచుకొనుచున్నాను.

పెదకాకానిలోని మా యింటి ప్రక్కన కారు నిలుపుకొనుటకు చిన్న షెడ్డు గలదు. దానికి ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల యెత్తు గల ఇనుప షట్టరు తలుపు. మే నెలలో ఆ తలుపు మొండికెత్తినది. క్రిందినుండి ఎత్తుట మిక్కిలి బరువాయెను. నడుము మట్టమునకు పైన ఎడమవైపున పట్టుకొని కిర్రుమని నిలిచిపోవుచుండెను. ప్రక్కయింటి పిన్నమ్మగారి మనుమడు తన బంతి దొరలినప్పుడెల్ల ఆ సగము తెరచిన తలుపు క్రిందుగా దూరి తెచ్చుకొనుచుండెను. కావున ఇది వట్టి చికాకుగా విడువదగిన సంగతి కాదు.

రోగ మొకటి, వైద్యులు పలువురు. మా నాయనగారు, "అబ్బాయీ, ఇంత ఆముదం పొయ్యరా, అదే పోతుంది" అనిరి. మా యింటిలో మరియొకరు, ఎండకు ఇనుము సాగినదనిరి. బజారులో నొకరు, మన యూరి మీదుగా పోవు రహదారిలో ప్రత్తిలారీలనుండి ఎగురు నూగు పట్టాలలో చేరినదనిరి. ఈ మాటలలో నొక్కటియు కొట్టివేయదగినది కాదు. అయినను విన్నది వేరు, తూచి చూచినది వేరు.

మొదట ఎండ సంగతి లెక్కవేసితిని. ఉక్కు ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడిమి పెరిగిన, తన పొడవులో పదిలక్షలవంతులలో 12 వంతులు సాగును. మా తలుపు వెడల్పు 2.4 మీటర్లు. తెల్లవారుజామునకును మండుటెండకును ఇనుము వేడిమిలో 35 డిగ్రీల భేద మున్నదనుకొనినను, సాగునది ఒక్క మిల్లీమీటరు మాత్రమే. పట్టాలలో తలుపునకు గల సందు అంతకంటె ఎక్కువ. అదియునుగాక, తెల్లవారుజామున చల్లగా నున్నప్పుడును తలుపు అక్కడనే పట్టుకొనుచుండెను. కాబట్టి ఎండ నిర్దోషి.

నూగు మాట నిజమే. పట్టాలలో ఎవరో పూర్వము పూసిన గ్రీజునకు దూదియు దుమ్మును అంటుకొని కంబళివలె గట్టిపడి యుండెను. దానిని గీకి, కిరసనాయిలుతో తుడిచితిని. ఆముదము పోసియుండినచో ఆ కంబళి మరింత దళసరి యయ్యెడిది. దుమ్ముగల యూళ్లలో పట్టాలకు జిగటనూనె కంటె మైనపువత్తి రుద్దుట మేలు. తుడిచిన తరువాత చప్పుడు తగ్గెను గాని పట్టు వదలలేదు, బరువు తగ్గలేదు.

ఇక బరువు సంగతి. మా తలుపు రేకు మందము 1.2 మిల్లీమీటర్లు. అట్టి ఉక్కురేకు చదరపు మీటరునకు సుమారు తొమ్మిదిన్నర కిలోలు తూగును. తలుపు వైశాల్యము దాదాపు 6 చదరపు మీటర్లు. వంపులకును మడతలకును నాలుగవవంతు కలిపిన మొత్తము 70 కిలోలగును. ఇంతటి బరువును మనము ఒంటిచేత నెత్తుట యెట్లు? పైనున్న గొట్టములో చుట్టియున్న స్ప్రింగులే దానిని మోయును, మనము వానికి తోడ్పడుదుము, అంతే. తలుపు దిగినకొలది వ్రేలాడు బరువు పెరుగును. స్ప్రింగు చుట్టుకొని దాని బలమును పెరుగును. ఎత్తినకొలది రెండును తగ్గును. సాగినంత బలమని 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రమే మన వీథిలోని ప్రతి దుకాణము తలుపునందును పనిచేయుచున్నది.

ఈ తూకమును పరీక్షించుటకు తలుపును సగమెత్తి చేయి విడువవలెనని పనివారందురు. నిలిచిన సరి, జారిన స్ప్రింగు బలము చాలదు, తనంత పైకి పోయిన బలము మితిమీరినది. మా తలుపు సగములో స్థిరముగా నిలిచెను. అయితే స్ప్రింగు మంచిదే యనవలయునా? మరి క్రింద అంత బరువేల? క్రిందిభాగమున ఎక్కడను పట్టు లేదే!

ఇందుకై పట్టు లేని మోకాలి మట్టమున నొక మొద్దును అడ్డుపెట్టి, పిల్లలను దూరముగా నుంచి, తలుపును దానికి జానెడు పైన విడిచితిని. విడిచినంతనే దబ్బున మొద్దుపై పడెను. అప్పుడు తెలిసినది: సగములో తలుపును నిలిపినది స్ప్రింగు కాదు, ఎడమ పట్టాలోని పట్టు. ఒక దోషము మరియొక దోషమును కప్పి, చూచువారికి క్షేమమువలె కానుపించెను. ఆ పట్టును మాత్రము సరిచేసియుండినచో, అంతవరకు నిలుచుచుండిన తలుపు ఎవరి నెత్తిపైననో కూలెడిది.

గుంటూరు ఆటోనగరు నుండి వచ్చిన షట్టరు మేస్త్రికి ఈ సంగతి చెప్పితిని. అతడు తల యూపి, "ముందు స్ప్రింగు మాస్టారూ, తర్వాతే పట్టా. మీరు మాత్రం ఆ బోల్టుల జోలికి పోకండి, చేతులు పోతాయి" అనెను. మూసియున్న తలుపు స్ప్రింగులో ఎంతో శక్తి దాగియుండును. బిగువు విప్పుట ఎరుగనివాడు దానిని ముట్టరాదు. అతడు విప్పి చూపగా మూడు స్ప్రింగులలో నొకటి విరిగి యుండెను. మూడింట ఒకవంతు బలము పోయినందున, మూసిన తలుపును కదల్చుటకు 20 కిలోలకు పైబడిన భారము మా చేతులపై పడుచుండెను. క్రొత్త స్ప్రింగు వేసి తూకము సరిచేసెను.

మిగిలినది పట్టు. పట్టాల నడుమ దూరమును కొలువగా, క్రిందికంటె పైన ఒక సెంటీమీటరు తక్కువ. రేకుపలకలకు అటునిటు సందున్నది గాని, తలుపు అడుగున నుండు ఇనుప పట్టె వంగదు. అది పైకి పోయినకొలది ఇరుకున పడుచుండెను. తాపీవారి తూకపుగుండు వ్రేలాడదీసి చూచితిమి. కుడి స్తంభము నిలువుగా నున్నది. ఎడమ స్తంభము లోనికి వ్రాలినది.

కారణము తలుపులో లేదు, స్తంభములో లేదు, నేలలో నున్నది. మన గుంటూరు సీమ నల్లరేగడి ప్రత్తికిని మిరపకును తల్లివంటిది గాని గోడలకు సవతితల్లి. నీరు త్రాగి ఉబ్బును. వేసవిలో కుంచించి చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. ఎడమ స్తంభము వెలుపల అంట్లు తోము నీరు ఏడాది పొడుగున ఇంకుచుండెను. కప్పు క్రింద లోపలి నేల ఎండి దిగెను, వెలుపలి నేల తడిసి ఉబ్బెను. నడుమ లోతులేని పునాదిగల స్తంభము పక్కకు ఒరిగెను. ఇట్టి నేలలకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాసంస్థవారు అడుగున ఉబ్బెత్తుగా నుండు లోతైన పునాదులను రూపొందించిరి. కట్టిన షెడ్డును మరల కట్టలేము గాన, ఆ నీటిని గొట్టముద్వారా వీథి కాలువకు మరలించి, స్తంభముల చుట్టును వాలుగా సిమెంటు చప్టా వేయించితిమి. మేస్త్రి పట్టాను సడలించి నిలువునకు తెచ్చెను. గోడపై పెన్సిలుతో తేదీవేసి గుర్తు పెట్టితిని. వానకాలము గడచు వరకు నెలకొకసారి కొలువవలెను.

పైకెత్తు షెడ్డుతలుపును 1921లో అమెరికాలో జాన్సన్ అనునతడు నిర్మించెను. 1926లో దానికి విద్యుత్ మోటారు తోడయ్యెను. తలుపుల క్రింద పిల్లలు నలిగిపోయినందున, 1993 నుండి ఆ దేశమున తయారగు గృహముల మోటార్లకు అడ్డు తగిలిన వెనుకకు మరలు ఏర్పాటుతోబాటు, తలుపు అంచుననో త్రోవలోనో అడ్డమును కనిపెట్టు మరియొక రక్షణయు శాసనముచే విధింపబడినది. నేడు మన ప్రాంతపు ఇండ్లకును మోటారు తలుపులు వచ్చుచున్నవి. మోటారు బలమైనది గాన తూకము చెడిన తలుపును గూడ మూలుగక లాగి, మన చేతికి తెలియవలసిన బరువును దాచిపెట్టును. కావున అట్టి తలుపు గలవారు నెలకొకసారి మోటారు బంధము విప్పి, చేతితో నెత్తి, అన్ని మట్టములందును పరీక్షింపవలెను.

బాలురారా, మీ యింటిలో నేదైన చెడినప్పుడు మొదట దొరకిన కారణముతో తృప్తి పడకుడు. అది అన్ని గుర్తులకు సమాధానము చెప్పుచున్నదా యని యడుగుడు. ఒక్క గుర్తు మిగిలిపోయినను ఇంకొక కారణ మున్నదని యెరుగుడు. నిలిచియున్న ప్రతిదియు బలముచేత నిలువలేదు. ఏది దానిని నిలుపుచున్నదో తెలిసికొనిన పిమ్మటనే దాని క్రిందికి పొండు. పిన్నమ్మగారి మనుమనికి ఈ మాట చెప్పితిని. వాడు బంతిని వీథిలో నాడుట మాని పెరటిలో నాడుచున్నాడు.