గోడ మీది గిన్నె

వదినగారూ, పెరట్లోనే ఉన్నారా? బట్టలు ఆరేయడం అయ్యాక ఒక్కసారి ఇటు రండి. కరివేపాకు నాలుగు రెమ్మలు కావాలి. మా చెట్టుకి పురుగు పట్టింది.

బడి నుంచి ఇప్పుడే వచ్చానండీ. బళ్ళు తెరిచి వారమైందా, తొమ్మిదో తరగతికి కొత్త పాఠం ఇంకా ఎత్తుకోలేదు. పాతదే తిరగేస్తున్నాం. వేసవిలో ఆవకాయతో పాటు గ్రామరునీ జాడీలో పెట్టి వాసెన కట్టేశారు మా పిల్లలు.

ఇవాళ బోర్డు మీద సిమిలీ, మెటఫర్ అని రాశాను. ఎవరిని అడుగుతానో అని తలలన్నీ నోట్సుల్లోకి దూరిపోయాయి. సుద్దముక్క పక్కన పెట్టి, "మీ ఇంట్లో ఈ ఏడు ఆవకాయ ఎలా కుదిరిందిరా?" అన్నాను. "నిప్పులా ఉంది మేడం" అన్నాడు వెనక బెంచీవాడు. అదే సిమిలీ అన్నాను. పక్కవాడు ఊరుకుంటాడా? "మా ఇంట్లోది నిప్పే మేడం." అది మెటఫర్. మూడోవాడికి చెవుల్లోంచి పొగలొచ్చాయట. అది హైపర్బొలీ. తెలుగు మాస్టారు ఉపమ, రూపకం, అతిశయోక్తి అని వీళ్ళకి ఎప్పుడో నూరిపోశారు. మనకి 'లా', 'వలె' చేసే పని ఇంగ్లీషువాళ్ళకి లైక్, యాజ్ చేస్తాయి. పేర్లు కొత్తవి, సరుకు పాతదే.

కథలైనా అంతే. మొన్న మీరు పక్కవీధి పెళ్ళి గొడవ చెప్పారా? ఏ ఫంక్షన్ హాలు, ఏ వేళ అని మొదలుపెట్టారు. అది సెట్టింగు. పెళ్ళికొడుకు మేనత్త, ఆవిడ క్యారెక్టరు. ఆవిడ బంగారు గాజులు పోయి, చివరికి ఆవిడ సంచీలోనే దొరికాయి చూడండి, అదంతా ప్లాటు. పిల్లలు ఇంతవరకూ బాగానే చెబుతారు. థీమ్ రాయమంటే మాత్రం మళ్ళీ కథంతా రాసుకొస్తారు. అందుకని గురజాడవారి 'దిద్దుబాటు' చెప్పాను. 1910 నాటి కథ. ఆయనా విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పినవారే కదా. సానుల పాటకచేరీ నుంచి అర్ధరాత్రి ఇంటికొచ్చిన మొగుడికి పెళ్ళాం కనబడదు, పుట్టింటికి పోతున్నానని రాసిన ఉత్తరం కనబడుతుంది. తీరా చూస్తే ఆవిడ మంచం కిందే ఉంటుంది. ఇది ప్లాటు. థీమ్ ఏమిట్రా అన్నాను. ఒకమ్మాయి లేచి, "తప్పు చేసినవాణ్ణి తిట్టకుండానే దిద్దొచ్చు మేడం" అంది. నా పీరియడు గిట్టుబాటైపోయింది వదినగారూ.

అసలు తంటా మనకి లేనివాటితోనే. ఎ, యాన్, ద. తెలుగులో అవెక్కడున్నాయి? అయినా ఛాయలు లేకపోలేదు. ఆదివారం మీకు ఒక గిన్నెలో పచ్చడి పంపించాను. ఆ గిన్నె ఇంకా రాలేదు. 'ఒక' అన్నచోట ఎ, 'ఆ' అన్నచోట ద. అబ్బే, గిన్నె కోసం కాదండీ, మాటవరసకి చెప్పాను!

యాన్ ఎక్కడ పెట్టాలో తెలియాలంటే మాటని తెలుగులో రాసి చూడమన్నాను. అవర్ అని రాస్తే ముందు అచ్చు వచ్చింది, యాన్ పెట్టు. యూనివర్సిటీకి ముందున్నది 'య', హల్లు. ఎ చాలు. ఎమ్మెల్యేకి యాన్. ఇంగ్లీషు స్పెల్లింగు దాచిపెట్టే చప్పుడు మన లిపి బయటపెట్టేస్తుంది. పిల్లలకి భలే సరదా వేసింది.

రిపోర్టెడ్ స్పీచి ఇంకో తమాషా. గ్యాసబ్బాయి "రేపొస్తాను" అన్నాడనుకోండి, మనం రేపొస్తానన్నాడు అంటాం. 'అని' ఒక్కటి తగిలిస్తే పని అయిపోయె. ఇంగ్లీషులో 'నేను' కాస్తా 'అతను' కావాలి, 'రేపు' కాస్తా 'మర్నాడు' కావాలి, క్రియ కూడా వెనక్కి జరగాలి. మావాడొకడు 'నేను'ని అలాగే ఉంచేశాడు. అయితే రేపు సిలిండరు నువ్వే మోసుకురావాలిరా అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు.

ఇక ప్యాసివ్ వాయిస్. మన వ్యాకరణ పుస్తకంలో 'బడు' ఉంది గానీ, అన్నం నాచేత తినబడింది అని ఎవరైనా అంటారా? అలాగని చేసినవాణ్ణి దాచడం మనకి చేతకాదనుకోకండి. కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారని అడిగాను. నలభైమందీ ఒక్క గొంతుతో "పగిలిపోయింది మేడం" అన్నారు. చూశారా, కర్త మాయం! ఇంగ్లీషువాడు ప్యాసివ్ వాయిస్ ఎందుకు వాడతాడో ఇంతకన్నా బాగా నేనేం చెప్పను?

అయ్యో, గిన్నె ఇప్పుడే ఎందుకు తెచ్చారండీ? గోడ మీద పెట్టండి, తీసుకుంటాను. ఏమంటున్నారూ? కాస్త సొట్ట పడిందా?

వదినగారూ, పొద్దుట్నుంచీ ఇదే పాఠం చెప్పి వచ్చిన మనిషిని. సొట్ట దానంతటది పడిందా, మీరు పెట్టారా?

నవ్వకండి, వరండాలో అన్నయ్యగారు వింటున్నారు. పోనీలెండి, కర్త పేరు చెప్పొద్దు. కరివేపాకు ఇవ్వండి, చాలు.