ఒకే రాత, రెండు బతుకులు

"షుగరు మా వంశంలోనే ఉంది డాక్టరుగారూ, ఇక చేసేదేముంది?" ఈ మాట మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనుకొనే ఉంటారు. అలా అనుకొనేవారిని తేనెపట్టులోకి ఒకసారి తొంగి చూడమంటాను.

పట్టులో రాణి ఒక్కతే, కూలి ఈగలు వేలు. రాణి రెండు మూడేళ్లు బతుకుతుంది, మంచి కాలంలో రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. కూలి ఈగ వేసవిలో ఆరు వారాలకే రాలిపోతుంది. అయినా రెండింటి జన్యువులు ఒక్కటే. ఫలదీకరణ చెందిన ఏ గుడ్డయినా రాణి కావచ్చు, కూలీ కావచ్చు. తొలి మూడు రోజులు పిల్లపురుగులన్నింటికీ రాయల్ జెల్లీయే ఆహారం. దాది ఈగల తలలోని గ్రంథుల నుండి ఊరే పదార్థమది. ఆ తరువాత రాణి కాబోయేదానికి అదే సమృద్ధిగా అందుతుంది. తక్కినవాటికి తేనె, పుప్పొడి కలిసిన తిండి. గుడ్డు పెట్టిన 16వ రోజున రాణి, 21వ రోజున కూలి ఈగ వెలికి వస్తాయి. శాస్త్రజ్ఞులు ఈ భేదాన్ని ఆంగ్లంలో కులమనే అర్థమిచ్చే మాటతోనే పిలుస్తారు. మన కులం పుట్టుకతో వచ్చేది, వాటి కులం తిండితో వచ్చేది!

తిండి జన్యువులను మార్చదు. ఏ జన్యువు ఎంత పలకాలో నిర్ణయించే రసాయనిక గుర్తులను మారుస్తుంది. వాటిలో ఒకటి డీఎన్ఏ మీద పడే మిథైల్ గుర్తు. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ గుర్తులు వేసే ఒక ఎంజైమును పిల్లపురుగుల్లో అణచివేయగా, వాటిలో అధిక భాగం ఎదిగిన అండాశయాలతో రాణులై వెలువడ్డాయి. నన్ను అంతకన్న ఆకట్టుకొన్నది 2012 నాటి అమెరికా పరిశోధన. మేతకు వెళ్లిన ఈగలు తిరిగి వచ్చేసరికి పట్టులో దాదులు లేకుండా చేశారు. వచ్చినవాటిలో కొన్ని మళ్లీ దాదులయ్యాయి; వాటి మెదడులోని గుర్తులు చాలావరకు దాదుల తీరుకు మరలాయి.

మనిషి తేనెటీగ కాడు. సికిల్ సెల్ వంటి జబ్బులను కలిగించే జన్యులోపాన్ని ఏ పథ్యమూ చెరపలేదు. షుగరు సంగతి వేరు. 2006లో వెలువడిన మన దేశపు అధ్యయనంలో, షుగరు అంచున ఉన్నవారు తిండి, నడక సరిచేసుకొన్నప్పుడు వ్యాధి ముప్పు 28.5 శాతం తగ్గింది. అది మిథైల్ గుర్తుల మహిమేనని నేననను. ఫలితం మాత్రం మీ ఎదుట ఉన్నది.

ఇంతా చదివి రాయల్ జెల్లీ గుళికలు కొనబోకండి. ఈగపిల్లకు రాణిరికమిచ్చే ఆ పదార్థమే ఉబ్బసం ఉన్న కొందరిలో ప్రాణాపాయకరమైన ఎలర్జీని తెచ్చిన ఉదంతాలున్నాయి. మీకు ఉబ్బసమున్నదా, దాని జోలికి పోవద్దు.