పసుపు గీత ఎక్కడ పడాలి?

పవర్‌పాయింట్‌లో యానిమేషన్ అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాలు మొహం చిట్లిస్తారు. నిజమే మరి, అక్షరాలు గిరగిరా తిరుగుతూ, బంతుల్లా ఎగురుతూ వచ్చే స్లైడ్లని కాలేజీ సెమినార్ల నుంచీ భరిస్తూనే ఉన్నాం. కానీ ఒక్క యానిమేషన్ తరఫున మాత్రం నేను వకాల్తా పుచ్చుకుంటా. మనం చెబుతూ చెబుతూ అసలు మాట దగ్గరికి వచ్చేసరికి, హైలైటర్‌తో గీసినట్టు దాని మీద పసుపు రంగు పాకడం.

ఇది అనుకున్నంత తేలిక కాదండోయ్. పవర్‌పాయింట్ యానిమేషన్ మొత్తం టెక్స్ట్‌బాక్స్‌కో, పేరాకో పడుతుంది. పేరాలో మూడు పదాలు సెలెక్ట్ చేసి వాటికి మాత్రమే ఇద్దామంటే కుదరదు. అందుకే పాత చిట్కా: ఆ పదాలంత పసుపు డబ్బా ఒకటి గీసి, సెండ్ టు బ్యాక్ కొట్టి అక్షరాల వెనక్కి పంపాలి. టెక్స్ట్‌బాక్స్‌కి ఫిల్ ఉండకూడదు, ఉంటే పసుపు కనబడదు. తర్వాత ఆ డబ్బాకి వైప్, ఫ్రమ్ లెఫ్ట్, అర సెకను. వాక్యం రెండు లైన్లయితే రెండు డబ్బాలు, రెండోదానికి ఆఫ్టర్ ప్రీవియస్. తెలుగు స్లైడ్లయితే ఇంకో జాగ్రత్త. అవతలి మెషిన్లో మీ ఫాంటు లేకపోతే మాట ఒకచోట, పసుపు ఇంకోచోట తేలతాయి. ఇంత ఓపిక లేకపోతే స్లైడ్ షోలో కంట్రోల్ + ఐ నొక్కి మౌస్‌తోనే గీసెయ్యొచ్చు.

ఈ చాకిరీ అంతా ఎందుకూ అంటారా? 2003 జనవరిలో కొలంబియా షటిల్ ఎగిరేటప్పుడు ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి తగిలింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజనీర్లు నాసాకి స్లైడ్లు చూపించారు. ఒక స్లైడ్ టైటిల్ చూస్తే భయం లేదన్నట్టే ఉంటుంది. అట్టడుగు బుల్లెట్లో మాత్రం అసలు సంగతి: ఊడిన ముక్క 1920 ఘనపు అంగుళాలు, టెస్టు చేసిన ముక్క 3. అంటే 640 రెట్లు! ఫిబ్రవరి 1న తిరిగొస్తూ షటిల్ ముక్కలైంది. కల్పనా చావ్లాతో పాటు ఏడుగురూ పోయారు. ఆ స్లైడ్ గురించి దర్యాప్తు బోర్డు తన రిపోర్టులో ప్రత్యేకంగా రాసింది.

పసుపు గీత ఉంటే వాళ్లు బతికేవాళ్లని నేననను. కానీ ఆ స్లైడ్లో గీత పడాల్సిన చోటు అదొక్కటే.

మన స్టేటస్ స్లైడ్లూ ఇంతే కదా. పైన పెద్దక్షరాల్లో ‘ఆన్ ట్రాక్’. కింద చివరి బుల్లెట్లో ‘లోడ్ టెస్ట్ 50 యూజర్లతో చేశాం’. ఒక ప్రాజెక్టులో సరిగ్గా అలాంటి లైను మీదే నేను పసుపు పెట్టా. "తీసెయ్, క్లయింట్ భయపడతాడు" అన్నారు మా మేనేజర్. "రంగు తీసేస్తానండీ, కానీ ఆ లైను దగ్గర ఆగి నోటితో చెప్తాను" అన్నా. ఆయన కాసేపు ఆలోచించి ఉంచెయ్యమన్నారు. క్లయింట్ అడిగింది ఒక్కటే ప్రశ్న: "మాకొచ్చేది రెండువేలమంది కదా?" రిలీజ్ రెండు వారాలు జరిగింది. ఆ ఏడాది నా అప్రైజల్ సంగతి మాత్రం అడక్కండి :)

అందుకే నా లెక్క ఒక్కటే. స్లైడుకి ఒకే గీత. రేపు కొంప మునిగితే ‘ఇది ముందే చెప్పాల్సింది కదయ్యా’ అని ఏ వాక్యం గురించి అంటారో, దాని మీద గీయండి. చాలాసార్లు అది టైటిల్లో ఉండదు, అడుగునే ఉంటుంది. ఏమంటారు?