ఎర్ర లైటు, కట్లపాము

మాది మాడుగులపల్లి. నల్గొండ నుంచి మిర్యాలగూడ వెళ్ళేటప్పుడు టోల్ గేటు వస్తుంది చూడండి, అదే ఊరు. చుట్టుపక్కలంతా వరి. హైదరాబాద్‌లో మా బాల్కనీ నుంచి చుక్కలు లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్ళు చాలు. అందుకే సంక్రాంతికి అమావాస్య దగ్గర్లో పడిందంటే నాకు రెండు పండగలన్నమాట. బైనాక్యులర్ పట్టుకుని, టోల్ గేటు లైట్లు తగలనంత దూరంగా మా మామ పొలానికి చేరతాను.

అసలు సంగతికొస్తే, చీకట్లో మన కంటికి బూట్ టైం చాలా ఎక్కువండీ. రంగులు చూసే శంకు కణాలు పది నిమిషాల్లో సర్దుకుంటాయి. మసక వెలుతురులో పనిచేసే దండ కణాలకి మాత్రం ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. వాటిలో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుగు పడితే విరిగిపోతుంది, చీకట్లో మళ్ళీ నెమ్మదిగా తయారవుతుంది. దాని తయారీకి విటమిన్ ఏ కావాలి. అది లేకపోతే వచ్చేదే రేచీకటి. ఎవడో ఒకడు వాట్సాప్ చూద్దామని ఫోన్ తీశాడంటే, వాడితోపాటు పక్కనున్న నలుగురికీ రీబూటే!

పాత ఫోటో స్టూడియోల డార్క్‌రూంలో ఎర్ర బల్బు గుర్తుందా? బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసే కాగితానికి ఎరుపు తెలీదు, అందుకే ఆ బల్బు. మన దండ కణాలదీ ఇంచుమించు అదే కథ. వాటికి బాగా కనిపించేది 500 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం-ఆకుపచ్చ. 640 దాటాక దాదాపు గుడ్డివే. శంకు కణాలు మాత్రం ఎరుపు చూడగలవు కాబట్టి మ్యాపు చదువుకోవచ్చు, దండ కణాల నిద్ర చెడదు.

అలాగని ఎరుపైతే చాలనుకోకండి. ఎర్ర లైటయినా కళ్ళల్లోకి గట్టిగా కొడితే అంతే సంగతులు. ఎంత మసగ్గా ఉంటే అంత మంచిది. తెల్ల ఎల్‌ఈడీ అనేది నిజానికి పసుపు పూత పూసిన నీలం ఎల్‌ఈడీ. టార్చికి వినాయక చవితి పందిట్లో వాడే ఎర్ర కాగితం ఒక్క పొర చుడితే లోపలి నీలం ఇంకా కారుతుంది. నాలుగైదు పొరలు వెయ్యాలి. ఫోన్లో నైట్ షిఫ్ట్ పెట్టుకుని సరిపోతుందంటారు మనవాళ్ళు. అది పసుపు బాబూ, ఎరుపు కాదు.

ఇంత కష్టపడితే దక్కేదేంటంటే, ఆండ్రోమెడా గెలాక్సీ. పాతిక లక్షల కాంతి సంవత్సరాల దూరం, ఉత్త కంటికి దూదిపింజలాగా కనిపిస్తుంది. సూటిగా చూస్తే మాయం, ఓరగా చూస్తే ప్రత్యక్షం. ఎందుకంటే చూపు మధ్యభాగంలో దండ కణాలు ఉండవు.

ఈ లెక్చరంతా మా మామకి ఇస్తే ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "అల్లుడూ, నీ ఎర్ర లైట్ల గట్టు మీద కట్లపాము కనిపిస్తదా?"

నిజమే కదా. మసక ఎరుపులో గడ్డి, మట్టి, తాడు అన్నీ ఒకటే రంగు. కట్లపాము తిరిగేదే రాత్రి, కరిచినా నొప్పి పెద్దగా తెలీదంటారు. 2018 జనవరి నుంచి పొలాలకి 24 గంటల కరెంటు ఇచ్చారు గానీ, అంతకుముందు మామ ఏళ్ళ తరబడి అర్ధరాత్రి మోటారు వెయ్యడానికి ఇవే గట్ల మీద నడిచినవాడు. చీకటి నాకు సరదా, ఆయనకి అది డ్యూటీ. ఈ విషయంలో నా నానోమీటర్లకంటే ఆయన మాటకే బరువెక్కువ.

కాబట్టి మా పొలంలో పద్ధతి ఇదీ. గట్టు మీద నడిచినంతసేపూ తెల్ల టార్చి, కాళ్ళకి గమ్ బూట్లు. టార్పాలిన్ మీద కూర్చున్నాకే ఎరుపు. మధ్యలో లేవాల్సొస్తే "లైటేస్తున్నా" అని కేకేసి మరీ తెల్లది వెయ్యాలి. అప్పుడు అందరూ ఒక కన్ను గట్టిగా మూసుకుని, పైన అరచెయ్యి పెట్టుకోవాలి. ఏ కన్నుకా కన్ను విడిగా చీకటికి అలవాటు పడుతుంది, మూసినది చాలావరకు భద్రం. పిల్లలకి ఇదో ఆటైపోయింది.

మామ మాత్రం రెండు కళ్ళూ తెరిచే వస్తాడు, చేతిలో కర్రతో.