మాటిమాటికీ తెగిన వైఫై

రౌటర్ ఫర్మ్‌వేర్ తనంతట తానే అప్‌డేట్ అయిన నాటి నుండి మన రాత్రి ప్రార్థన మాటిమాటికీ తెగిపోయింది. రేపల్లెలో మంచం పట్టిన తల్లిగారు "అయ్యగారూ, నా వంతు వచ్చేసరికి పెట్టేశారే" అన్నారు. ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

పాపం, కేబుల్ అబ్బాయినే కోప్పడ్డాము. తెనాలి తమ్ముడొకరు చెప్పగా కంప్యూటరుకు వైరు పెట్టి చూశాము. గంటసేపు ఒక్కసారీ తెగలేదు. లైను బాగానే ఉంది, తెగుతున్నది వైఫై. అప్‌డేట్ 2.4, 5 గిగాహెర్ట్జ్‌లను ఒకే పేరు కింద కలిపేసింది. గోడ అవతలికి 5 సరిగా అందక ఫోను అటూ ఇటూ గెంతుతోంది. పేర్లు విడదీశాము. 2.4కు ఆటో తీసేసి ఛానల్ 6 పెట్టాము, పక్కింటిది 11లో ఉంది గనుక.

బాపట్లలో ఇదే తిప్పలు పడుతున్నవారు రీసెట్ నొక్కేముందు కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసిపెట్టుకోండి. మేము రాసుకోక ఒక పూట పోగొట్టుకున్నాము.

శనివారం రాత్రి ముందుగా తల్లిగారి వంతు.